వెళ్లొస్తా అనకూడని గది

గ్రేటర్ నోయిడాలో ఆ జనవరి పొగమంచు మధ్యాహ్నమైనా కదల్లేదు. కాలేజీ బస్సులు పట్టపగలే లైట్లు వేసుకుని, హారన్ కొట్టుకుంటూ తడుముకుంటూ పోతున్నాయి. పరిశోధన కేంద్రం రెండో అంతస్తులో ప్రవల్లిక శాలువా కప్పుకుని, స్క్రీన్ ముందు కూర్చుని ఒక సాఫ్ట్‌వేర్‌ని బతిమాలుకుంటోంది. గాలి, తేమ, వేడి లెక్కలన్నీ మింగి, మంచు ఎప్పుడు పడుతుందో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ అది. కిటికీ తీసి చూస్తే తెలిసేదానికి ఇంత హడావుడి ఎందుకే అని కాకినాడ నుంచి వాళ్లమ్మ ఫోన్లో నవ్వింది కూడా.

నవ్వులాట కాదు మరి. దాన్ని సూపర్ కంప్యూటర్‌లో ఎక్కించి, మర్నాడు పొద్దున వచ్చే కమిటీకి నడిపి చూపిస్తే ప్రవల్లిక కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. లేకపోతే నెలాఖరుకి సామాను సర్దుకోవాలి. ఢిల్లీ కరోల్ బాగ్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్న తమ్ముడు చైతు కూడా అక్కతోపాటే సర్దుకోవాలి. ఈ సంగతి వాడికింకా చెప్పలేదు.

ఆ కేంద్రంలో ఆమె కాక తెలుగువాడు ఒక్కడే, పెద్దాయన పార్థసారథి. చేరిన రోజునే ఆయన ఒక మాట చెప్పి పెట్టాడు.

"అమ్మాయ్, మెషిన్ రూమ్‌లోంచి బయటికొచ్చేటప్పుడు వెళ్లొస్తా అనకు."

"ఎవరితో అంటాను సార్? లోపల ఎవరుంటారని?"

"ఎవరితోనూ అనకు. చావింటి నుంచి ఎలా వస్తాం? చెప్పకుండా లేచి వచ్చేస్తాం కదా. అలాగే వచ్చెయ్."

రెండేళ్ల కిందట ఆ గదిలో సుధీర్ అనే కుర్రాడు పోయాడట. ఆ గదిలో నిప్పు పుడితే నీళ్లు చల్లడానికి వీల్లేదు. కంప్యూటర్లు పాడైపోతాయి. అందుకని గ్యాస్ వదులుతారు. ఆ గ్యాస్ నిప్పుతోపాటు మనిషి ఊపిరిని కూడా ఆర్పేస్తుంది. లోపల మనిషి ఉంటే గ్యాస్ రాకుండా ఆపడానికి గోడకి ఒక పసుపుపచ్చ బటన్ ఉంది. అది నొక్కి పట్టుకున్నంతసేపే ఆగుతుంది. వదిలితే వచ్చేస్తుంది. సుధీర్ ఆ బటన్ దగ్గరే దొరికాడని చెప్పి పార్థసారథి మాట మార్చేశాడు. ముసలాయన చాదస్తం అనుకుంది ప్రవల్లిక.

నాలుగింటికి పరీక్ష మొదలుపెట్టింది. సూపర్ కంప్యూటర్ అంటే ఒక్క యంత్రం కాదు. బీరువాల్లో వరసగా పేర్చిన వందల కంప్యూటర్లు. అన్నింటిలోనూ సాఫ్ట్‌వేర్ చక్కగా కూర్చుంది, ఒక్కదాంట్లో తప్ప. మూడో వరస చివరిది. స్క్రీన్ మీద ఒకటే మాట... ఈ యంత్రం ప్రస్తుతం వాడుకలో ఉంది.

ఎవరు వాడుతున్నారో అడిగింది. సుధీర్ అని వచ్చింది.

ఆ పేరుతో ఉన్న ఖాతాని తనే పోయిన నెలలో తీసేసింది. బాగా గుర్తు. వెంటనే పార్థసారథికి ఫోన్ చేసింది. ఆయన సరోజినీ నగర్ మార్కెట్లో స్వెటర్లు బేరమాడుతున్నాడు.

"చేత్తో రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది సార్. లోపలికి వెళ్తున్నా."

ఆయన బేరం వదిలేసి గోలలోంచి పక్కకొచ్చాడు.

"రేపు చూద్దాం తల్లీ. ఒక్కదానివే వెళ్లకు."

"రేపు కమిటీ వస్తుంది సార్."

తప్పదు మరి. ఫోన్ లోపలికి తీసుకెళ్లకూడదు కాబట్టి బల్ల మీదే పెట్టింది. మెషిన్ రూమ్ గుమ్మం పక్కన రెండు కొక్కేలు, వాటికి రెండు జతల చెవి డిప్పలు వేలాడుతున్నాయి. లోపల ఫ్యాన్ల హోరుకి చెవులు పోకుండా పెట్టుకునేవి. ఒక జత తగిలించుకుని తలుపు తోసింది.

చల్లగాలి మొహాన కొట్టింది. పొడవాటి గది, కిటికీలు లేవు. నల్లటి బీరువాల మీద ఆకుపచ్చ దీపాలు మిణుకుమంటున్నాయి. డిప్పల వల్ల హోరు ఎక్కడో దూరాన వాన పడుతున్నట్టుంది. కాలిన దుమ్ము వాసన. దానిలోనే... అమృతాంజనం వాసన. మొన్నటిదాకా లేదే, అనుకుంది.

మూడో వరస చివరికి వెళ్లి, మొండి యంత్రం మీట నొక్కి పట్టుకుంది. దీపం ఆరింది. మళ్లీ వెలిగింది. హమ్మయ్య అని వెనక్కి తిరిగింది.

గోడమీద ఎర్రదీపం గిర్రున తిరుగుతోంది.

ఎప్పట్నించి తిరుగుతోందో! సైరన్ మోగే ఉంటుంది. చెవులు మూసుకున్న ఆమెకి వినపడలేదు. దీపం కింద, గ్యాస్ రావడానికి మిగిలిన సెకన్ల అంకెలు తగ్గుతున్నాయి. ఎనిమిది... ఏడు... తలుపు ఆ చివర ఉంది. పరిగెత్తినా అందదు. పక్కనే గోడకి పసుపుపచ్చ బటన్. రెండు చేతులా నొక్కేసింది.

అంకె నాలుగు దగ్గర ఆగింది.

"భయ్యా! భయ్యా!" అని గొంతు చించుకుంది. సెక్యూరిటీ భయ్యా ఈపాటికి కింద మంట దగ్గర చేతులు కాచుకుంటూ ఉంటాడు. చెయ్యి వదిలితే చావు. వదలకపోతే ఎంతసేపని? చైతు గుర్తొచ్చాడు. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేస్తాడు. బల్ల మీద ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఏడుపొచ్చింది. బొటనవేళ్లు తిమ్మిరెక్కాయి. ఒకటి జారింది...

అంకె మూడు అయింది. మళ్లీ నొక్కింది.

అమృతాంజనం వాసన దగ్గరికొచ్చింది. చాలా దగ్గరికి.

"అయిందా?"

డిప్పల లోపల్నించి వినపడింది. చెవిలో నోరు పెట్టి అడిగినట్టు.

ఆమె తల తిప్పలేదు.

"తలుపు తీసే ఉంది. మీరెళ్లండి... నేను పట్టుకుంటా."

ఆమె వేళ్ల మీద ఇంకెవరివో వేళ్లు ఆనాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలప్యాకెట్‌లా చల్లగా, మెత్తగా. బటన్ ఇంకాస్త లోపలికి దిగింది. ప్రవల్లిక ఒక చెయ్యి తీసింది. అంకె కదల్లేదు. రెండోది తీసింది.

మూడు. మూడే.

పరిగెత్తింది. తలుపు లాగింది, తెరుచుకుంది. ప్రాణం నిలబెట్టిన మనిషికి ఒక్క మాటైనా చెప్పకుండా ఎలా వెళ్లడం? చిన్నప్పటి నుంచి నాలుక మీద ఆడే మాట, ఆలోచించేలోపే వచ్చేసింది.

"వెళ్లొస్తానండీ."

"సరే," అంది చెవిలో గొంతు. సంతోషంగా.

బయటికొచ్చి డిప్పలు తీసి కొక్కేనికి తగిలించబోయింది. రెండు కొక్కేలూ ఖాళీగా ఉన్నాయి.

మనసాగక పార్థసారథి బజారు నుంచి బయల్దేరి వచ్చేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. సెక్యూరిటీ భయ్యా చాయ్ తెచ్చి, "క్యా హువా మేడమ్‌జీ?" అని అడుగుతున్నాడు. జరిగిందంతా విని ముసలాయన ఆమె ఎదురుగా కూలబడ్డాడు.

"వచ్చేటప్పుడు ఏమైనా అన్నావా?"

ఆయన మొహం చూసి ఆమెకి నిజం చెప్పే ధైర్యం రాలేదు. "లేదు సార్."

"మంచిదయింది. ఆ రోజు కూడా వాడు బటన్ పట్టుకుంటే, ఇంకొకళ్లు వెళ్లొస్తా అని చెప్పే బయటికొచ్చారు. మళ్లీ లోపలికి వెళ్లలేదు." ఆ ఇంకొకళ్లు ఎవరో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

మర్నాడు సాఫ్ట్‌వేర్ అన్ని పరీక్షలూ నెగ్గింది. కమిటీ చప్పట్లు కొట్టింది. డైరెక్టర్ చెయ్యి కలిపి, ఇక మీరు పర్మనెంట్ అన్నాడు. చైతు ఫోన్లో ఈల వేశాడు. ఫైర్ అలారం బాగుచేసే అతను మాత్రం పొద్దుట్నించి తల గోక్కుంటున్నాడు. ఎక్కడా నిప్పు జాడ లేదు, బటన్ ఇరుక్కోలేదు, కొత్తది కూడా వేశాడు, అయినా ప్రవల్లిక సీటు ఎదురుగా గోడకున్న బయటి ప్యానెల్ మాత్రం ఎవరో నొక్కి పట్టుకునే ఉన్నారని చూపిస్తోంది. అంకె మూడు దగ్గరే ఉంది.

సాయంత్రం అందరూ స్వీట్లు తిని వెళ్లిపోయాక ప్రవల్లిక తన సీట్లో కూర్చుంది. స్క్రీన్ మీద, మూడో వరస చివరి యంత్రం నుంచి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు...

"చెయ్యి నొప్పి పుడుతోందండీ. ఎప్పుడొస్తారు?"

ఆమె చూస్తుండగానే ప్యానెల్ మీద అంకె రెండు అయింది.