మంచు వాలు మీద గొంతు

ఆ వాలు మీద నిలబడి ఎవరూ పేరు పెట్టి పిలుసుకోరట. హిమాలయం కాడ, మంచు మీద నడక నేర్పే క్యాంపుకు పైన ఉంటదది. మూటలు మోసే కూలోళ్లు కూడా బీడీ ఆర్పేసి, తల దించుకుని, జల్దీ జల్దీ దాటిపోతరట...

నేను చూసింది కాదు, విన్నదే. మా అడవి అంచు తండా పిల్ల సోమ్లి భద్రాచలం బస్సుల నా పక్కన కూసుంది. నేను ఊకుంటనా, మంచుకొండకు పోయొచ్చిన సంగతి అడిగిన. ఆమె చెప్పినట్టే చెప్తున్న.

సోమ్లిని, ఆమె అన్న హాతీరాంను కొండలెక్కే ట్రైనింగుకు పంపిన్రు. మన దిక్కు మంచంటే సోడా బండి మీది ఐసుగడ్డే గదా. అక్కడ మొదటికెల్లి నేర్పిన్రు. బూటు ముక్కుతో తన్ని మెట్టు చేసుకునుడు... జారితే మంచుగొడ్డలిని రొమ్ము కింద అదిమి ఆగుడు... ముగ్గురు ఒక్క తాడుకు కట్టుకుని నడుసుడు.

బూట్ల కింద ఇనుప ముళ్లు కట్టుకుంట హాతీరాం నవ్విండట. "ఇవేసుకుని మన పత్తిచేన్ల తిరిగితే బాపు నా ఈపు పగలగొడ్తడే."

"నీ ఈపు సంగతి తర్వాత, ముందుగాల పట్టీ సరిగ బిగియ్" అన్నది సోమ్లి.

నేర్పే పెద్దాయన ఆ కొండల మనిషే. ఉస్తాద్ అంటరు. వాలు ఎక్కే ముందు మెల్లగ చెప్పిండు. "పైన గాలికి మాట నిలవదు. ఆగాలంటే తాడు గుంజుండ్రి. నడుముకున్న తాడు కొక్కెం మాత్రం ఇప్పొద్దు. ఏం వినపడ్డా ఇప్పొద్దు."

ఏం వినపడతదని ఎవరూ అడగలే.

ఎండ పడితే మంచు మెత్తబడతదని చీకట్లనే బయలెల్లిన్రు. ముందు ఉస్తాద్, నడుమ సోమ్లి, ఎనక హాతీరాం. నెత్తికి లైట్లు ఉన్నయి... ఆ ఎలుగుల మంచుపొగ తప్ప ఏం కనపడలే.

"సోమ్లీ..."

ఎనకకెల్లి. అన్న గొంతే.

తాడు దిక్కు చూసింది. ఎవరూ గుంజలే.

మా దిక్కు చీకట్లనే ఇప్పపూలు ఏరను పోయేటోళ్లందరికీ తెలుసు — ఎవరన్న పిలిస్తే మొదటిసారికి పలకొద్దు, రెండోసారికీ పలకొద్దు. మనిషైతే మూడోసారి పిలుస్తడు. మనిషి కానిదైతే పిలవదు.

"సోమ్లీ..."

ఇంకింత దగ్గరికెల్లి.

పండ్లు బిగబట్టి నిలబడ్డది. మూడోసారి... రాలే.

అన్న కాదు, ఇంకేందో అనుకున్నది. పలకనందుకు మంచిదే అయిందని, మెట్టు తన్నుకుంట ముందుకు పోయింది.

జరంత దూరం పోయినంక తాడు తేలికైంది. గుంజి చూసింది... వచ్చింది. ఇంకా గుంజింది — కొస దాకా వచ్చేసింది.

కొసకు కొక్కెం ఒక్కటే ఉంది. ఇరగలే. చేత్తోని ఇప్పినట్టే ఉంది.

ఇద్దరూ ఎనకకు తిరిగిన్రు. హాతీరాం అడుగులు దారి ఇడిసి, పక్కకు, కిందికి దిగినయి. ఒక్కనివే. నల్లటి మంచు పగులు అంచు కాడ ఆగిపోయినయి.

ఉస్తాద్ బోర్ల పండుకుని లైటేసి చూసిండు. లోపల ఇరుక్కుని... ఊపిరి ఉంది. గొడ్డలి పాతి, తాడేసి గుంజంగ గుంజంగ తెల్లారినంక పైకొచ్చిండు. పెదవులు నీలం. కాలి వేళ్లు నల్లబడ్డయి — తర్వాత దవాఖానాల తీసేసిన్రు.

"కొక్కెం ఎందుకిప్పినవ్ భియా?" గుసగుసగ అడిగింది సోమ్లి.

"నువ్వే పిలిస్తివి గదా... కిందికెల్లి. నీ తాడు ఊడి జారినవనుకున్న."

"నేను... పిలవలే."

హాతీరాం ఆమె మొఖం దిక్కే చూసిండు. "ఫస్టు పలకలే నేను. రెండోసారికీ పలకలే. మళ్ల పిలిచినవ్... ఇగ మనిషివే అనుకున్న."



వాళ్ల తండా బోలీల ఏం మాట్లాడుకున్నరో ఉస్తాద్‌కు అర్థం కాలే, అడిగిండు. ఆమె హిందీల చెప్పింది... తనను రెండుసార్లు, అన్నను మూడుసార్లు పిలిచిందని.

ఆయన ఆ వాలు దిక్కు మళ్లి అన్నడట —

"నా చిన్నప్పటి సంది నిన్నటి దాకా... అది రెండుసార్లే పిలిచేది."