లింగం చూడని రెండో జాబితా

"పెద్దగా పనేం లేదు ఇస్‌హాక్. మధ్యాహ్నంలోపు కొన్ని వేల ప్రాణాలు కాపాడి వచ్చెయ్."

సుచిత్ర చౌరస్తా దగ్గర టీ కొట్టులో వెనక బెంచీ మీద కూర్చుని చీఫ్ హేమచంద్ ఈ మాట అనేటప్పటికి ఉదయం తొమ్మిదిన్నర. ఏజెంట్ ఇస్‌హాక్‌కు యాభై ఏడేళ్లు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎన్ని మిషన్లు చేశాడో అతను మరచిపోయాడు. మోకాళ్లు మాత్రం ఒక్కటీ మరచిపోలేదు.

"బ్రీఫింగ్ జల్దీ చెప్పున్రి సార్."

"శామీర్‌పేటలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ. టీకాలు దాచే ఫ్రీజర్లను నడిపే ప్రోగ్రామ్ వాళ్లదే. ఇవాళ కొత్త వెర్షన్ బిల్డ్ చేస్తారు, అంటే రాసిన కోడంతా ఒక్కటిగా కట్టి ప్యాక్ చేస్తారు. పూర్తయిన నిమిషంలోనే అది ఆసుపత్రుల ఫ్రీజర్లన్నిటికీ వెళ్తుంది. ఒక విదేశీ ముఠా అందులో విషపు కోడ్ కలుపుతోంది. లోపల మందు వేడెక్కుతున్నా మీటరు చల్లగానే చూపిస్తుంది. పాడైన టీకాలు పసిపిల్లలకు వేస్తారు."

ఇస్‌హాక్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎవడు సార్ కలిపేటోడు?"

"తెలీదు. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది, కెజియా. జింకల పార్కు గేటు దగ్గర కలుస్తుంది. నీ వేషం ఏసీ మెకానిక్."

"మళ్ల గదేనా?"

"ఏ ఆఫీసులోనైనా ఏసీ మెకానిక్‌ను ఎవరూ ఆపరు."

ఇచ్చిన గాడ్జెట్ ఒక్కటే, రహస్య కెమెరా ఉన్న చేతి గడియారం. దాని పట్టీ తెగితే రబ్బరు బ్యాండు చుట్టి ఇచ్చారు.

కెజియా ఎర్రఫ్రేము కళ్లద్దాలు, సిల్కు స్కార్ఫు, ఎత్తు మడమల చెప్పులతో పార్కు గేటు దగ్గర నిలబడి ఉంది. ఆమెను చూస్తూ ఆటోవాళ్లు బేరాలు మరచిపోయారు.

"జింకలు తిన్నయా?" అన్నాడు ఇస్‌హాక్. కోడ్ వర్డ్ అది.

"గడ్డి రాలేదని అలిగినయ్," అని జవాబిచ్చి, ఆమె అక్కడే అరుగు మీద కూలబడింది. "ఇద్దరికి పనిజేసుడు మస్తు తక్లీఫ్ అన్నా. పొద్దున వాళ్లతోని అబద్ధం, పొద్దుమూకి మీతోని అబద్ధం. కానీ మా చర్చి క్లినిక్‌ల టీకాలేసేటప్పుడు పిల్లలను పట్టుకునేది నేనే. గిది మాత్రం నాతోని కాదు."

"యాడ కలిపిన్రు?"

"ప్రోగ్రామ్‌ల కాదు. దాన్ని కట్టే టూల్‌ల పెట్టిన్రు. ఆఖరి పని ప్యాకింగ్. గది షురూ అయితెనే విషం లేస్తది. మనిషెవడో నాకు ఎరుకలేదు. పదకొండు గంటలకు పని మొదలైతదని మాత్రం ఇన్న."

అప్పటికే పదకొండు దాటింది. ఇస్‌హాక్ మోకాళ్లను తిట్టుకుంటూ ఆటో ఎక్కాడు.

ఆఫీసులోకి వెళ్లేసరికి అందరి చేతుల్లో కొబ్బరిముక్కలు ఉన్నాయి. ఆ కంపెనీలో ఒక ఆచారం ఉంది. రిలీజ్ రోజున సర్వర్ ముందు కొబ్బరికాయ కొడతారు. కొట్టాక బిల్డ్ పూర్తయ్యేదాకా కీబోర్డును ఎవరూ ముట్టుకోరు. బిల్డ్ ఇన్‌చార్జి లింగం పన్నెండేళ్లుగా సెట్టింగులన్నీ చూసుకుని, సరిగ్గా పన్నెండింటికి కాయ కొట్టేవాడు. ఇవాళ పదకొండుకే కొట్టేశాడు.

ఇస్‌హాక్ మెకానిక్ వేషం పక్కన పెట్టి ఐడీ కార్డు చూపించాడు. "లింగం భాయ్, ఇయ్యాల గింత తొందరేంది?"

"కన్సల్టెంట్ అన్వేష్ సార్ తనే కాయ తెచ్చిండు సార్. పదకొండు దాటితే టైం మంచిగ లేదన్నడు."

"గా సార్ యాడ?"

"ముక్కలు పంచి గిప్పుడే బయటికి వోయిండు."

"ప్రోగ్రామ్‌కు కావాల్సిన లైబ్రరీలు, గా బయటికెల్లి తెచ్చుకునే రెడీమేడ్ కోడ్ మూటలు, చూసినవా?"

"నలభై ఒకటి. పొద్దున ఒక్కొక్కటి నేనే చెక్ జేసిన."

"గవి ప్రోగ్రామ్‌వి. బిల్డ్ టూల్ పనులకు వాడే లైబ్రరీలు?"

లింగం నోట్లో కొబ్బరిముక్క అలాగే ఆగిపోయింది. కోడ్ రాసుకునే ఐడీఈ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ లైబ్రరీలకు విడిగా ఇంకో జాబితా ఉంటుంది. అవి ఫ్రీజర్లదాకా వెళ్లవు కాబట్టి ఆ జాబితాను ఎవరూ తెరవరు. బియ్యంలో రాళ్లన్నీ ఏరినవాడు గరిటె కడిగారా లేదా చూడనట్టే ఉంది లింగం పని.

"స్టాప్ నొక్కు!"

"కాయ కొట్టినంక ముట్టరాదు సార్. పన్నెండేండ్ల సంది ఒక్క బిల్డ్ గూడ ఫెయిల్ కాలే."

తెర మీద టెస్టులు పూర్తయ్యాయి. మిగిలింది ప్యాకింగ్ ఒక్కటే. ఇస్‌హాక్‌కు స్టాప్ ఎక్కడుందో తెలీదు. అతనికి భయం వేసింది, నిజంగానే వేసింది.

"లింగం భాయ్, నీకు పిల్లలున్నరా?"

"చిన్న బిడ్డకు ఎల్లుండి టీకా ఉంది," అన్నాడు లింగం. తన మాట తన చెవినే పడింది. 'ప్యాకింగ్ మొదలవుతోంది' అన్న అక్షరాలు తెర మీద పడసాగాయి. ఆ వాక్యం పూర్తికాకముందే అతని వేలు స్టాప్ మీద పడింది.

లింగం రెండో జాబితా తెరిచాడు. ప్యాకింగ్ లైబ్రరీ ఒకే పేరుతో రెండుసార్లు ఉంది. టూల్ పైనున్నదాన్నే తీసుకుంటుంది, కిందిదాన్ని పట్టించుకోదు. పైది ఆ ఉదయం పదీ యాభై రెండుకి, అన్వేష్ లాగిన్‌తో చేరింది. లింగం దాన్ని ఇస్‌హాక్ గడియారం కెమెరాకు చూపించి, జాబితాలోంచి తీసేసి, కింద ఉన్న అసలుదానితో బిల్డ్ మళ్లీ మొదలుపెట్టాడు.

అన్వేష్ ఆఫీసు ముందున్న కరీంనగర్ రోడ్డు మీద బ్యాగు పట్టుకుని ఆటో కోసం చేతులు ఊపుతూ దొరికాడు. ఎవడు పారిపోవాలని చూసినా దొరకాలని, అక్కడున్న నాలుగు ఆటోలనూ కెజియా ముందే మాట్లాడుకుని కూర్చుంది.

హేమచంద్ ఫోన్ చేశాడు. "ఆయుధాలేమైనా స్వాధీనం చేసుకున్నావా?"

"లేదు సార్. ఒక లైను తీసేసినం."

"ఒక లైనా? రిపోర్టులో 'చిన్న సవరణ' అని రాసెయ్."

"రాస్త సార్," అన్నాడు ఇస్‌హాక్. అతనికి కోపం రాలేదు, అంత ఓపిక లేదు. ఎల్లుండి సూది గుచ్చగానే లింగం చిన్నబిడ్డ శామీర్‌పేట అంతా వినబడేలా తిడుతూ ఏడుస్తుంది. ఈ మిషన్‌కు వచ్చే మెడల్ అదొక్కటే.