మొవ్వు కోసిన మట్ట

మట్టల ఆదివారం. చర్చి ముందు పిల్లలందరూ ఈతమట్టలు పట్టుకుని నిలబడ్డారు. అందరివీ ముదురు పచ్చవి. ఫిలోమినాది మాత్రం లేతగా, పసుపు రంగులో మెరుస్తోంది.

ఫాదర్ పవిత్ర జలం చల్లాడు. "హోసన్నా" అంటూ ఊరేగింపు కదిలింది. ఫిలోమినా కాళ్లు నేల మీద ఆనలేదు.

నిన్న వాగు గట్టున అందరూ కింది మట్టలు కోశారు. ఫిలోమినా ఒక్కతే ఎవరూ చూడకుండా ఓ చిన్న ఈతచెట్టు నడినెత్తిన ఉన్న లేతాకుల మొవ్వును మొదలంటా కోసి లాగింది.

సోమవారం ఈతచాపలు అల్లే కొమురవ్వ చర్చికి వచ్చింది.

"కింది మట్టలు ఎన్నన్న కోస్కపోండ్రి అంటి గద! మొవ్వు కోస్తే చెట్టు బతుకుతదా?" అని ఏడ్చింది.

జపాలు నేర్పే ఉపదేశి దేవదాస్ పిల్లల్ని వరసగా అడిగాడు. ఫిలోమినా దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుంది.

ఇంట్లో గోడ మీద సిలువ పక్కనే ఆ మట్ట.

"నా బిడ్డ మట్ట ఎంత సక్కగున్నదో!" అంది తల్లి. ఫిలోమినాకు అన్నం సయించలేదు.

గురువారం పాపసంకీర్తనంలో ఫాదర్ ముందు మోకరించి అంతా చెప్పేసింది.

"దేవునికి చెప్పుకున్నవు. మంచిదే బిడ్డా," అన్నాడు ఫాదర్. "మరి చెట్టు ఎవరిది?"

ఫిలోమినా నేరుగా కొమురవ్వ ఇంటికి పోయింది.

"నేనే కోసిన, అవ్వా. అందరికన్న మంచి మట్ట నాదే ఉండాల్నని…"

కొమురవ్వ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఆరేండ్లు నీళ్లు పోసిన. ఇగ దాని ఆకుతోనే అల్లుకుందామనుకున్న. దూరం పోదామంటే నా మోకాళ్లు నడవనియ్యయి."

"నేను నీళ్లు పోస్త. బతుకదా?"

"బతుకది."

అయినా ఫిలోమినా రోజూ నీళ్లు పోసింది. చెట్టు మాత్రం ఎండుతూనే ఉంది. అది చూసినప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది.

క్రీస్తు తిరిగి లేచిన పాస్కా పండుగ తర్వాతి శనివారం బడి విడవగానే గుట్ట అవతలి ఈతవనానికి పోయింది. చేతులకు ముళ్లు గీరుకుపోతున్నా కింది మట్టలే ఏరి కోసింది. మోపు నెత్తిన పెట్టుకుని కొమురవ్వ వాకిట్లో దించింది.

కొమురవ్వ మోపు విప్పింది. ఒక్కో మట్టనూ తిప్పి తిప్పి చూసింది.

ఒక్క మొవ్వూ లేదు.

కొమురవ్వ చాప మీద జర పక్కకు జరిగి చోటిచ్చింది. "కూసో," అంది.