ఆయన మార్చిన ఆయిలు

పొద్దున్నే బయట కారు స్టార్టయిన చప్పుడు వినిపిస్తే చాలు, ఆ ఇంటి పెద్దావిడ చేతిలో కాఫీ ఉన్న సంగతి కూడా మర్చిపోయేది. వయసుతో కీళ్ళు అరిగాయి గానీ చెవులకేం, గుండుసూది కింద పడ్డా పట్టేస్తాయి. ఈ మధ్య ఆ డీజిల్ కారు గరగరమంటోంది. ఎవరితోనైనా అందామంటే మొగుడితోనే అనాలి. ఆయన ముందు ఆ మాటెత్తితే ఇల్లు పీకి పందిరేస్తాడు.

ఆయన బతుకంతా బస్సు నడిపిన మనిషి. వీధిలో అందరికీ డీజిల్ తాత. ఎవరి బండి కనిపించినా ఆపి, ఆయిలు ఎప్పుడు మార్చావని నిలదీస్తాడు. డీజిల్ బండిలో ఆయిలు తొందరగా మసిపట్టి నల్లబడుతుందనీ, తగ్గినప్పుడల్లా పైనుంచి కాస్త పోస్తే సరిపోదనీ, కింద నట్టు విప్పి పాతదంతా దించేసి, ఫిల్టరు మార్చి, కొత్తది నింపాలనీ పాఠం చెప్పేదాకా వదలడు. సొంత కారుకు ఆ పని మెకానిక్ షెడ్డులో చేయించడమంటే, ఆయన దృష్టిలో సొంత బిడ్డకు పక్కింటివాళ్ళ చేత స్నానం చేయించడమే.

ఆ కారు నడిపేది కోడలు. ఆ అమ్మాయి ఫిజియోథెరపిస్టు. కాళ్ళు నిలవని పిల్లల ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ చేత వ్యాయామాలు చేయించి, పట్టుకుని నిలబెట్టి, నడిపించి వస్తుంది. బస్సు పోని శివారు ఇళ్ళే ఎక్కువ. కారు లేకపోతే ఆ పని లేనట్టే. ఆ రోజు కూడా గుమ్మంలోంచే అత్తగారికి భోజనానికి తనకోసం చూడొద్దని చెప్పి వెళ్ళింది.

మధ్యాహ్నం ఫోనొచ్చింది. వంతెన దిగుతుంటే స్టీరింగు ముందున్న ఆయిలు ఎర్ర లైటు వెలిగిందట. పక్కకు తీసి ఆపేలోపే లోపల ఏదో ధడేల్‌మందట. ఆ తర్వాత ఎంత తిప్పినా ఇంజను కదల్లేదు. పెద్దావిడ గుండెల్లో రాయి పడింది. ఆ రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకొక్కదానికే తెలుసు.

సాయంత్రం కొడుకు షెడ్డునుంచి మండిపోతూ వచ్చాడు. ఇంజను పట్టేసిందట, ఇక పనికిరాదట. అడుగున ఆయిలు తారులా గడ్డకట్టి, పైకి పారే దారి మూసుకుపోయిందట. చాలాకాలంగా ఆయిలు మార్చలేదని షెడ్డువాళ్ళంటే, మా నాన్న సొంత చేతులతో మారుస్తాడని వాళ్ళతో గొడవపడి మరీ వచ్చాడు.

అందరి చూపూ కుర్చీలో ఉన్న పెద్దాయన మీద పడింది.

"మొన్ననే కదరా మార్చాను. ఆ లైటు ఎప్పణ్ణుంచో వెలుగుతుండి ఉంటుంది. చూసుకోకుండా తోలుంటుంది," అన్నాడాయన, కోడలి వైపు చూడకుండా.

అది అబద్ధమని పెద్దావిడకు తెలుసు. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం కారు కిందనుంచి మూలుగు వినిపించి పరుగెత్తింది. ఆయన నడుము పట్టేసి, వెల్లకిలా పడి, బయటికి రాలేక చెమటలు కక్కుతున్నాడు. రెండు కాళ్ళూ పట్టుకుని, ఆయాసపడుతూ, చివరికి ఎలాగో లాగింది. అంతటి మనిషీ పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, కోడలికి అసలే చెప్పొద్దన్నాడు, చెబితే ఆ అమ్మాయి తనను రోగిలా చూస్తుందన్నాడు. ఆవిడ చేతిలో చెయ్యేసి మాటిచ్చింది.

అప్పట్నుంచీ ఆయన ఆయిలు మార్చే రోజంటే ఒక నాటకం. వాకిలి గేటు దగ్గరగా వేసుకుని, బానెట్ ఎత్తి, పైనుంచి కాస్త కొత్త ఆయిలు పోసి, చేతులకు మసి పూసుకుని బయటికొచ్చేవాడు. ఆవిడ సబ్బు పట్టుకుని నిలబడేది. షెడ్డుకు పంపుదామని ఒకట్రెండుసార్లు నసిగింది, ఆయన కళ్ళెర్రజేస్తే ఊరుకుంది. కారు నడుస్తూనే ఉంది కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది కూడా.

ఆ లైటు ఈరోజు తప్ప ఎప్పుడూ వెలగలేదని కోడలు మెల్లగా అంది. అంటే నాన్న అబద్ధం చెబుతున్నాడా అని కొడుకు గొంతు పెంచాడు. బండి మీద శ్రద్ధ లేనివాళ్ళకు ఊరంతా తిరిగే ఉద్యోగం ఎందుకన్నాడు. ఇంకో కారు కొనేది లేదు, రేపట్నుంచి ఆ పని మానేసి ఇంటి పక్క ఆసుపత్రిలో ఏదైనా చూసుకోమన్నాడు.

కోడలు అత్తగారి ముఖంలోకి చూసింది. ఒక్క మాట సాయం వస్తుందేమోనని చూసింది పాపం. పెద్దావిడ కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని తల దించుకుంది. అక్కడితో ఆగినా బాగుండేది.

"పోనీలే అమ్మా, ఏదో పొరపాటు జరిగుంటుంది," అంది.

అన్న మరుక్షణం తన నోరు తనకే చేదయింది.  కోడలు లోపలికెళ్ళి తను వెళ్ళే ఒక్కో ఇంటికీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. తలుపు తీసే ఉంది.

"రేపట్నుంచి నేను రాలేనమ్మా... మీరు మాత్రం మానకండి. రోజూ గోడ ఆసరాగా నిలబెట్టండి, ఏడ్చినా కాసేపు ఉంచండి... లేదమ్మా, ఎవరి తప్పూ కాదు. నేనే బండి సరిగా చూసుకోలేదు."

 ఆ చివరి మాట వినేసరికి పెద్దావిడ ఇక కూర్చోలేకపోయింది. ఆ పిల్ల చేయని తప్పును నెత్తిన వేసుకుంటుంటే, ఆ తప్పు తెలిసిన మనిషి కుక్కిన పేనులా పడి ఉండటం ఏం పెద్దరికం?

"ఫోన్ పెట్టెయ్యమ్మా," అంటూ లేచింది. కొడుకు వైపు తిరిగింది. "దాని తప్పేం లేదురా. మీ నాన్న ఆయిలు మార్చి రెండేళ్ళయింది."

"నోర్ముయ్," అన్నాడు పెద్దాయన.

"మూసుకునే ఉన్నానండీ ఇన్నాళ్ళూ. అందుకే ఈ పిల్ల ఊరందరికీ సంజాయిషీ చెప్పుకుంటోంది. కారు కిందనుంచి మిమ్మల్ని లాగింది నేను. మసి చేతులకు సబ్బిచ్చింది నేను. సగం పాపం నాది. మీ సగం మీరు చెప్పండి."

ఆయన కోపంగా లేవబోయాడు. రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి సగం దాకా లేచాడు, నడుము సహకరించక ధబ్బున కూలబడ్డాడు. ఆయన కూర్చోవడం, లేవడం ఎప్పుడూ ఎవరూ లేనప్పుడే జరిగేవని కొడుక్కి అప్పుడు తట్టింది. 

కోడలు వచ్చి మామగారి ముందు నేలమీద కూర్చుంది. నిలదీస్తుందనుకున్నారు. ఆ అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు.

"ఊళ్ళో వాళ్ళ పిల్లలందర్నీ నిలబెట్టి వస్తున్నాను మామయ్యా. ఇంట్లో మీరు ఎలా లేస్తున్నారో ఒక్కరోజైనా చూడలేదు."

"నువ్వు చూస్తావనే కదమ్మా భయపడ్డాను." పెద్దాయన ఈసారి కోడలి వైపే చూశాడు. "నడుము పోయిందని చెప్పడానికి సిగ్గేసింది. నీ మీద అంత నింద వేయడానికి మాత్రం సిగ్గేయలేదు. ఒరే, తప్పు నాదిరా. కారుకు వేరే ఇంజను వేయించు. ఇక ఆ ఆయిలు పని షెడ్డువాళ్ళు చూసుకుంటారు, వేళ తప్పకుండా."

కొడుకు పెళ్ళాం పక్కన కూలబడి, తనను క్షమించమన్నాడు.  కారు వచ్చేదాకా ఆఫీసుకు ముందు తనే స్కూటరు మీద ఆ ఇళ్ళకు దింపుతానన్నాడు. ముందు తను ఫోన్ చేసినవాళ్ళందరికీ అతణ్ణే మళ్ళీ చేసి, తప్పెవరిదో కూడా చెప్పమంది ఆ అమ్మాయి. సరేనంటూ ఫోనందుకున్నాడు.

కోడలు కళ్ళు తుడుచుకుని లేచి, నడుం ఎక్కడ పట్టేస్తోందో చూస్తాను, మంచం దాకా వెళదామా అని మామగారిని అడిగింది. ఆయన ముందు కుర్చీ చేతులు పట్టుకుని తనే లేవబోయి, మానేశాడు. 

"కాస్త పట్టుకో అమ్మా," అంటూ ఆయన చెయ్యి చాపాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట ఆ మాట రావడం పెద్దావిడ ఎన్నడూ వినలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే, రెండో చెయ్యి పట్టుకోవడానికి ముందుకెళ్ళింది.