బాబాయి పక్కన ఉసిరికాయంత ముఖం

ఆ ఇంట్లో పొద్దున్న లేస్తే సుబ్రహ్మణ్యం పేరే. సొంత తమ్ముడి పేరు వింటే కడుపులో మంట లేవడం తప్పని రవిచంద్రకు తెలుసు. కానీ ఆ మంట పెట్టేది కన్నకూతురైతే ఏ మనిషి మాత్రం ఓర్చుకుంటాడు?

సుబ్రహ్మణ్యం సినిమాలకు పోస్టర్లు తయారుచేస్తాడు. జూబ్లీ హిల్స్‌లో అద్దాల ఆఫీసు. రవిచంద్ర ఆ పక్క వీధిలోనే ఒక నిర్మాతకు కారు నడుపుతాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాడికి అంతకంటే ఏం దొరుకుతుంది?

ఆ రోజు నిర్మాత ఊళ్లో లేడు. ఫిల్మ్‌నగర్‌లోని రెండు గదుల ఇంట్లో రవిచంద్ర కాఫీ తాగుతుంటే, కూతురు గీతిక కంప్యూటర్ ముందు కూర్చుని ఫోన్ స్పీకర్‌లో బాబాయి చెప్పేది వింటోంది. నానమ్మ అమ్మాజీ ఎనభయ్యో పుట్టినరోజుకు ఫ్లెక్సీ తయారవుతోంది. సాయంత్రం ప్రింటుకు ఇవ్వాలి.

"అక్షరాల వెనక సన్నగా నీడ వెయ్యమ్మా. లేకపోతే అమ్మ పట్టుచీర రంగులో కలిసిపోతాయి. ఫోటో పెంచేటప్పుడు మూల పట్టుకుని లాగు, పక్కనుంచి లాగితే మనిషి వెడల్పైపోతాడు."

"అలాగే బాబాయ్."

"ఒక్కో ఫోటో ఒక్కో లేయర్ మీద ఉండాలి. ఒకదాని మీద ఒకటి గాజు పలకలు పేర్చినట్టన్నమాట. ఏ పలక మీద ఉన్నావో చూసుకోకుండా చెయ్యి పెట్టకు. ముందు కాపీ తీసి దాచుకో."

"తర్వాత తీస్తా బాబాయ్!" అని నవ్వి, గీతిక ఫోన్ పెట్టేసి స్నానానికి వెళ్లింది.

"నేను చెప్తే ఒక్కటి వినదు. వాడు చెప్తే అలాగే, అలాగే!" అన్నాడు రవిచంద్ర.

"మీరెప్పుడైనా అంత మెల్లగా చెప్పారా?" అంది భార్య మంజులత వంటింట్లోంచి.

అతను లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్లాడు. మధ్యలో అమ్మ. ఆమె వెనక, ఫ్లెక్సీ అంతటా పరుచుకుని, చనిపోయిన నాన్న పాత ఫోటో. కింద కుడివైపున తమ్ముడు నల్ల కోటులో నవ్వుతూ పనసకాయంత ఉన్నాడు. ఎడమ మూల ఉసిరికాయంత ముఖం ఒకటి. అది తనది.

పెద్దకొడుకు! చుట్టాలంతా శ్రీనగర్ కాలనీ హాల్లో నిలబడి చూసేది ఇదా?

చెరిపే రబ్బరు గుర్తు ఏదో గీతిక వాడుతుండగా చూశాడు. దాన్ని పట్టుకుని తమ్ముడి ముఖం మీద రుద్దాడు. ముఖం చెక్కుచెదరలేదు. ఇంకా గట్టిగా, చుట్టూరా రుద్దాడు. సుబ్రహ్మణ్యం నవ్వుతూనే ఉన్నాడు. అతని తల పక్కన మాత్రం ఏదో తెల్లబడింది.

నాన్న కన్ను. నాన్న చెంప.

రవిచంద్రకు ముచ్చెమటలు పోశాయి. గబగబా మూసేయబోతే తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది. అర్థంకాక, మొదట కనిపించినదే నొక్కాడు. అది సేవ్.

గీతిక తల తుడుచుకుంటూ వచ్చి, ఫైలు తెరిచి కేక పెట్టింది.

"ఎవరు ముట్టుకున్నారు? తాతయ్య లేయర్ మీద ఎవరు చెయ్యి పెట్టారు?"

"నేనే. అయితే ఏంటట? మీ బాబాయిని తుడిచేద్దామనుకున్నా, వాడు ఇక్కడ కూడా పోడే!"

"నాన్నా, అది తాతయ్య ఒకే ఒక్క ఫోటో! ఫ్రేము అద్దానికి అంటుకుపోతే, అద్దంతోనే స్కాన్ చేశాను. తర్వాత ఊడదీస్తే అసలుది ముక్కలైపోయింది. ఆ స్కాన్ మీదే నేరుగా పని చేశాను. ఇంకో కాపీ లేదు."

మంజులత అట్లకాడతోనే వచ్చి నిలబడింది.

"నన్ను ఉసిరికాయంత చేసి వాణ్ని అంత చేస్తే ఎలా ఉంటుందే నాకు?" అన్నాడు రవిచంద్ర. "కారు తలుపు తీసేవాడికి అది చాలనుకున్నావా?"

గీతిక అతని ఫోటోను మూల పట్టుకుని లాగింది. పెద్దదవుతున్నకొద్దీ ముఖం గళ్లు గళ్లుగా విడిపోయి, ఎవరో తెలియకుండా పోయింది.

"ఇదీ సంగతి. ఇది నీ లైసెన్సు మీద ఫోటో. ఇంట్లో ఇదొక్కటే ఉంది. ఏ పెళ్లిలో ఫోటోకి రమ్మన్నా, బాబాయి ఉన్నాడని కారు దగ్గరికి పోతావు. ఎక్కణ్ణుంచి తేను నిన్ను?"

అతను వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. మంజులత ఫోన్ చేస్తే సుబ్రహ్మణ్యం అరగంటలో వచ్చాడు. తెర మీద నాన్న ముఖాన్ని పెద్దది చేసి చూశాడు.

"అన్నయ్యా, నీ తెల్లచొక్కా వేసుకురా."

"ఎందుకు? ఊరేగిస్తావా?"

"నిన్ను ఫోటో తీసి నాన్న కన్ను మళ్లీ అతకాలి. ఆ కన్ను, ఆ చెంప నీకే ఉన్నాయి. నాకు ఒక్కటీ రాలేదు." సుబ్రహ్మణ్యం తల తిప్పుకున్నాడు. "వచ్చినవాళ్లందరికీ అమ్మ నా ఆఫీసు గురించే చెబుతుంది. కానీ ఎదురుగా ఇద్దరం కూర్చుంటే చూసేది నిన్నే. అప్పుడు నాకెంత కుళ్లుగా ఉంటుందో నీకేం తెలుసురా!"

చిన్నప్పుడు తప్ప తమ్ముడు తనతో అలా 'రా' కలిపి మాట్లాడలేదు. రవిచంద్ర లేచి చొక్కా తొడుక్కొచ్చాడు.

కిటికీ పక్కన కూర్చోబెట్టారు. వెలుతురు ముఖం మీద పడేలా సుబ్రహ్మణ్యం తెల్లదుప్పటి ఎత్తి పట్టుకున్నాడు. కోటు చేతులు పైకి జారాయి.

"బాబాయ్, కాస్త పైకి," అంటూ గీతిక ఫోన్ గురిపెట్టింది. "నాన్నా, నువ్వు ఏడవకు. కన్ను సరిగ్గా రావాలి."