కుడివైపు కుట్టిన ప్రేమ

"ఏంటండీ ఇది? నా కొంప ముంచేశారు!"

మా బైండింగ్ షాపు కౌంటర్ మీద మూడు పుస్తకాలు దబ్బున పడ్డాయి. ఎదురుగా యూనివర్సిటీ అమ్మాయి. వానలో పరుగెత్తుకొచ్చినట్టుంది, జడ చివర నుంచి నీళ్లు కారుతున్నాయి. కళ్లలో మాత్రం నిప్పులు.

నాకు ఒళ్లు మండింది. నల్లటి అట్ట, బంగారు అక్షరాలు, వంక పెట్టడానికి లేని కుట్టు! ఇంకేం కావాలి ఈ మహాతల్లికి?

"ఎక్కడుందండీ తప్పు?"

"ఎడమవైపు కుట్టారు! అది అరబ్బీ థీసిస్. మేం కుడి నుంచి ఎడమకి చదువుతాం. పుస్తకం కుడివైపు కుట్టాలి!"

"ముందే చెప్పొచ్చుగా!"

"బైండింగ్ మీకొచ్చనుకున్నా!"

పుస్తకాలు నా వైపు లాక్కున్నాను. ఆమె గొంతు తగ్గింది.

"సాయంత్రంలోగా ఇవ్వకపోతే డిగ్రీ ఆగిపోతుంది. డిగ్రీ లేకపోతే ఆస్పత్రిలో దుబాసీ ఉద్యోగం రాదు. అది రాకపోతే మా అమ్మ నన్ను తీసుకెళ్లి మావయ్య ఆఫీసులో టైపింగుకి కూర్చోబెడుతుంది. అరబ్బీ చదివి ఏం ఒరిగిందే అని రోజూ ఒకటే గొడవ."

అంత కోపంలోంచి ఏడుపు తొంగిచూసేసరికి నాకు ప్రాణం ఉసూరుమంది. షట్టర్ సగం దించి కుట్లు విప్పడం మొదలుపెట్టాను. ఆమె కాగితాలు పట్టుకుంది, నేను సూది నడిపాను.

"ఇంతకీ అరబ్బీ చదివితే లాభమేంటండీ?" అన్నాను ఊరుకోలేక.

"మీరూ మా అమ్మ పార్టీయేనా? ఉద్యోగం వస్తుంది. ఎక్కడెక్కడివాళ్లో మనతో మనసువిప్పి మాట్లాడతారు. పైగా బైండర్లని ఎదురుగానే తిట్టుకోవచ్చు."

అని, నా చేతుల వైపు చూస్తూ అరబ్బీలో ఏదో గొణిగింది. తిట్టే అయ్యుంటుందని సరిపెట్టుకున్నాను.

థీసిస్ సాయంత్రానికి చేరింది. ఉద్యోగమూ వచ్చింది. అయినా ఆ అమ్మాయి రావడం మానలేదు. ఒకసారి నిఘంటువు అట్ట ఊడిందని, ఇంకోసారి ఊడేలా ఉందని. మా నాన్న కళ్లద్దాల పైనుంచి నన్నే చూసి నవ్వుకునేవాడు.

ఒకరోజు ఆస్పత్రికి రిజిస్టర్లు ఇవ్వడానికి వెళ్లాను. వార్డు బయట బెంచీ మీద ఒకావిడ ఒళ్లో టిఫిన్ క్యారియర్‌తో కూర్చుని ఉంది. లోపల పరదేశపు ముసలాయన ఇంజెక్షన్ వద్దని ఒకటే కేకలు. నర్సులు చేతులెత్తేశారు. మన అమ్మాయి ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా అరబ్బీలో ఏదో అడిగింది. ఆయన కేకలు ఆపి, చాలాసేపు మాట్లాడి, చివరికి నవ్వుతూ చెయ్యి చాపాడు.

"ఏమన్నాడే?" అంది బెంచీ మీదావిడ, కూతురు బయటికి రాగానే.

"ఎవరూ తన మాట వినిపించుకోవట్లేదనే కోపమట అమ్మా. ఇంకేం లేదు."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఇన్నాళ్లూ నేనూ వినలేదు కదే," అంది.

ఆవిడ ముందుకు నడవగానే ధైర్యం కూడగట్టుకున్నాను.

"ఏమండీ, ఆరోజు నన్నేమని తిట్టారు?"

"తిట్టలేదు." ఆమె ముఖం కందిపోయింది. "ఈ చేతులు పట్టుకుంటే భయం ఉండదు అన్నాను."

"మీరంటే నాకు చచ్చేంత ఇష్టమండీ!" అనేశాను, చేతిలో రిజిస్టర్లు ఉన్న సంగతి కూడా మరిచి. అన్నీ కిందపడ్డాయి. ఏరుతూ ఏరుతూ ఆమె నా చెయ్యి పట్టుకుంది.

పెళ్లి పత్రికలు మా షాపులోనే తయారయ్యాయి. అప్పటికి అరబ్బీ విభాగం వాళ్ల పుస్తకాల బైండింగంతా మాదే. అలవాటైన చేతులు కదా, పత్రికలన్నీ కుడివైపు మడిచేశాను!

"ఇదేం వైపరీత్యం! తిరగేసి మడిచాడేమిటమ్మా పెళ్లికొడుకు?" అని ఆమె మావయ్య గయ్యిమన్నాడు.

నేను పత్రికలు పోగుచేయబోయాను. అత్తగారు మాత్రం ఆయన చేతిలోంచి పత్రిక లాక్కున్నారు.

"సరిగ్గానే మడిచాడులే అన్నయ్యా. మా పిల్ల అరబ్బీ చదివింది. ఇటునుంచి తెరువు!"