రొయ్యల వ్యానులో ఇన్వర్టర్

కృత్తివెన్ను రొయ్యల చెరువులో తేలిన శవం నతానియేలుది. బందరులో రేడియోలు బాగుచేసేవాడు. శవాన్ని ఒడ్డుకు లాగిన రోజే ఆ చెరువులో రొయ్యలు పట్టి అమ్మేశారు. ఆ మాట చెప్పి చీఫ్ కాంతారావు రుమాలుతో పెదాలు తుడుచుకున్నారు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ దానియేలు చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టేశాడు.

2001 వేసవి. బందరు పోర్టు రోడ్డులో మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీయే వాళ్ల గూఢచారి డిపార్ట్‌మెంటుకి రహస్య ఆఫీసు.

కాంతారావు బ్రీఫింగ్ మొదలుపెట్టారు. విదేశీ ముఠా ఒకటి తీరం వెంట తిరుగుతోంది. మన గస్తీ బోటు ఎటు వెళ్తుందో, నడిసముద్రంలో ఆగివున్న ఓడకి చెప్పడం వాళ్ల ప్లాన్. ఆ రూటు చేరితే బోటుని దారికాసి ముంచేస్తారు. ఆ తర్వాత పాలకాయతిప్ప తీరంలో ఆయుధాలు దిగుతాయి. వైర్‌లెస్ సెట్టు, కంప్యూటరు ఒక వ్యానులో పెట్టుకున్నారు. బండి నడుస్తుండగానే సిగ్నల్ పంపుతారు గనక, కనిపెట్టేలోపే ఊరు దాటిపోతారు.

"నడిచే బండిలో కరెంటు ఎక్కడిదండీ?" అన్నాడు దానియేలు.

"ఇన్వర్టర్. బండి బ్యాటరీ కరెంటుని ఇంట్లో కరెంటులా మారుస్తుంది. బిగించింది నతానియేలే. ఎందుకో తెలియక బిగించాడు. తెలిశాక మన దగ్గరికి బయల్దేరాడు. రానివ్వలేదు."

చనిపోయే ముందు నతానియేలు తన భార్య లీలావతి దగ్గర విసుక్కున్నాడట. ఇన్వర్టర్ చిన్నది, ఉన్న రెండు మెషీన్లకే మూలుగుతోంది, ఇంకో మెషీను తగిలిస్తే ఆగిపోతుంది, పెద్దది కొనమంటే వినరు అని.

ముఠాలో డిపార్ట్‌మెంటు మనిషి ఒకామె ఉంది. పేరు తనూజ. రొయ్యల ఎగుమతి కంపెనీ ఓనరు వేషం. ఆమెకి డ్రైవరుగా దానియేలు చేరాలి.

గుడివాడ లాడ్జిలో ఆమె హెయిర్ డ్రయ్యర్‌తో జుట్టు ఆరబెట్టుకోవడం ముగిసేదాకా అతను ఖాకీ చొక్కాతో వరండాలో నిలబడ్డాడు. తెల్ల షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలతో బయటికొచ్చింది.

"ఐసు ఎంత మిగిలింది మేడమ్?"

"దివిసీమకి సరిపోతుంది," అంది. కోడ్ కలిసింది.

వ్యాను వెనక తలుపు తీయగానే దానియేలు వెనక్కి తగ్గాడు. లోపల కుళ్లిన రొయ్య తలకాయల ట్రేలు. నల్లటి నీరు కారుతోంది. ఈగలు అతని నోటి మీద వాలాయి. ట్రేలకీ డ్రైవరు క్యాబిన్‌కీ మధ్య చెక్కగదిలో మార్కో అనే విదేశీయుడు సెట్టు ముందు కూర్చున్నాడు. చెక్‌పోస్టుల్లో పోలీసులు ముక్కు మూసుకుని పొమ్మనేవారు. ముఠా ధైర్యమంతా ఆ కంపే. తనూజ సెల్‌ఫోన్ ఛార్జింగ్ కోసం అదే ఇన్వర్టర్ నుంచి క్యాబిన్‌లోకి ఒక సాకెట్ లాగారు.

పామర్రు, కూచిపూడి దాటారు. చల్లపల్లిలో ఆమె మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని, ఆ కంపులోనే వేళ్లు నాక్కుంటూ తింది. దానియేలు కిటికీలోంచి తల బయటపెట్టి బండి నడిపాడు.

మోపిదేవి దాటాక ఆమె చెయ్యి అతని కాలరు కిందికి వచ్చింది. వెనక జీపులో వస్తున్న కాంతారావుకి దారి చూపేందుకు అక్కడ కుట్టిన ట్రాన్స్‌మిటర్‌ని ఊడబెరికి కాలవలోకి విసిరింది. రెండో చేతిలో పిస్టల్.

"డబుల్ ఏజెంట్‌వన్నమాట," అన్నాడతను.

"వాళ్లు నన్ను బాగా చూసుకుంటారు. నువ్వు స్పీడు తగ్గించకు."

"నతానియేలుని చంపింది నువ్వేనా?"

"నా కాళ్లు పట్టుకున్నాడు," అంది విసుగ్గా. "చీరంతా బురద చేశాడు."

ఆ తర్వాత దానియేలుకి వెనకనుంచి వచ్చే కంపు పెద్ద కంపుగా తోచలేదు. స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూశాడు.

కోడూరు దాటి ఇసుక దారిలోకి వచ్చారు. సరుగుడు చెట్ల సందున సముద్రం కనిపించింది. ఓడకి సిగ్నల్ అందుతోందని, పంపడం మొదలుపెడుతున్నానని మార్కో చెక్కగోడ వెనకనుంచి చెప్పాడు. ఇంజిన్ ఆపి లాభం లేదు, సెట్టు బ్యాటరీ మీద మరికాసేపు నడుస్తుంది. దానియేలు చూపు సాకెట్ మీద పడింది. అక్కడినుంచి, సీట్ల మధ్య తెరిచివున్న ఆమె బ్యాగు మీద పడింది.

ముందు గుంత కనబడగానే బ్రేకు బలంగా తొక్కాడు. తనూజ నుదురు డాష్‌బోర్డుకి కొట్టుకుంది. పిస్టల్ సీటు కిందికి జారింది. బ్యాగులోంచి హెయిర్ డ్రయ్యర్ లాగి, ప్లగ్ సాకెట్‌లో గుచ్చి, స్విచ్ నొక్కాడు. డ్రయ్యర్ ఒక్కసారి గుర్రుమంది. గోడ వెనక ఇన్వర్టర్ కీచుమని అరిచి చచ్చింది. కంప్యూటరు ఆరిపోయింది. ఓడకి పలకరింపు చేరింది గానీ రూటు చేరలేదు.

మార్కో వెనక తలుపు వైపు పరిగెత్తబోయి నల్లనీళ్లలో జారాడు. ట్రేలన్నీ అతని మీద పడ్డాయి. అప్పటికే దానియేలు పిస్టల్ అందుకున్నాడు.

మోపిదేవి దగ్గర ట్రాన్స్‌మిటర్ మూగబోగానే జీపు వేగం పెంచిన కాంతారావు, కాసేపట్లోనే మనుషులతో చేరారు. తనూజ చేతులకి బేడీలు వేస్తుంటే, చేతులు కడుక్కోవాలని అడిగింది. ఎవరూ నీళ్లివ్వలేదు. సాయంత్రానికి గస్తీ బోటు ఆ ఓడని పట్టుకుంది.

లీలావతికి ఏం చెప్పాలో దానియేలు అక్కడే నిర్ణయించుకున్నాడు. కాళ్లు పట్టుకున్న సంగతి చెప్పడు. ఆమె భర్త మాటే బోటుని కాపాడిందని మాత్రం చెబుతాడు.

కాంతారావు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, దూరంనుంచే అతన్ని మెచ్చుకున్నారు. దానియేలు జీపు వైపు నడవబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"సీటు కవర్లు కొత్తవయ్యా. నువ్వు బస్సులో వచ్చెయ్."

అవనిగడ్డలో బందరు బస్సు కిటకిటలాడుతోంది. అయినా దానియేలు ఎక్కగానే వెనక సీటంతా ఖాళీ అయింది. దేశసేవకి దక్కిన గౌరవం అనుకుని, కాళ్లు చాపుకుని పడుకున్నాడు.